గేజ్ తేడా అని రాశాను, ఫుల్ మార్కులు వేశారు

పోయిన సెమ్‌లో రైల్వే ఇంజినీరింగ్ మిడ్ పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. పొరుగు దేశాల రైలు మార్గాలను కలపడంలో ఎదురయ్యే ప్రధాన సమస్య ఏది, వివరించండి అని. ఐదు మార్కులు. నేను ఏమాత్రం ఆలోచించకుండా "గేజ్ తేడా" అని రాసి, కింద మూడు పట్టాల బొమ్మ గీసి, కొలతలు వేసి వచ్చాను. ఐదుకు ఐదూ పడ్డాయి. ఆ రాత్రి రూమ్‌లో పేపర్ గొప్పగా చూపిస్తే మా రూమ్మేట్ మొత్తం చదివి, నవ్వి, దాన్ని నా మంచం మీద పడేసి, "మామా, నీ ఆన్సర్ కరెక్ట్ అయితే మా ఊరికి ఈపాటికి రైలుండాలి కదరా" అన్నాడు.

వాడిది అగర్తల, త్రిపుర రాజధాని. హాస్టల్లో వాడి అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ, అందరికీ వాడు "అగర్తలా"నే. దసరా సెలవులకి మనం రాత్రి బండెక్కితే తెల్లారేసరికి ఇంట్లో కూర్చుని ఇడ్లీ తింటుంటాం. వాడు రెండు రాత్రులు రైల్లో పడుకుని మూడో రోజు దిగుతాడు. ముందు బెంగాల్ దాకా వెళ్ళాలి. అక్కడి నుంచి ఉత్తరంగా న్యూ జల్‌పాయిగురి. సిలిగురి దగ్గర ఇరవై చిల్లర కిలోమీటర్ల వెడల్పున్న ఇరుకు నేల దాటాలి. తర్వాత గౌహతి, ఆపైన కొండల్లోంచి మళ్ళీ దక్షిణానికి. మ్యాప్ తీసి చూడండి, బంగ్లాదేశ్ చుట్టూ ప్రదక్షిణే. కోల్‌కతా నుంచి అగర్తలకి ఇప్పుడున్న రైలు దారి 1,500 కిలోమీటర్ల పైమాటే. బంగ్లాదేశ్ మధ్యలోంచి వెళ్తే అందులో ఇంచుమించు మూడో వంతు.

వాళ్ళింటి నుంచి సరిహద్దు సైకిల్ మీద పది నిమిషాలట. అవతల ఉన్నది అఖౌరా. అస్సాం బెంగాల్ రైల్వే 1890లలో వేసిన మీటర్ గేజ్ లైను మీది స్టేషన్. దేశ విభజనకు ముందు అగర్తల వాళ్ళు రైలెక్కాలంటే అఖౌరాకే వెళ్ళేవాళ్ళు. 1947లో మధ్యలో గీత పడింది. స్టేషన్ అవతల, ఊరు ఇవతల.

వాడన్న మాట నన్ను నెల రోజులు తొలిచింది. అందుకే నా సమాధానాన్ని వెనక్కి తీసుకోవడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. (సార్ ఇది చదివితే మనవి: మార్కులు మాత్రం వెనక్కి తీసుకోవద్దు.)

సీఎస్‌ఈ మిత్రుల కోసం రెండు ముక్కలు. గేజ్ అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ., అంటే ఐదడుగుల ఆరంగుళాలు. ప్రపంచంలో ఎక్కువ చోట్ల ఉన్న స్టాండర్డ్ గేజ్ 1435. పాత సోవియట్ దేశాలన్నిటిలో 1520. మీటర్ గేజ్ పేరులోనే ఉంది. మన దగ్గర వెడల్పు గేజ్ డల్హౌసీ కాలంలో ఖాయమైంది. ఇంగ్లండులోని పెద్దలు వాళ్ళ దేశపు గేజే వేయమన్నారు, డల్హౌసీ ఆరడుగులు కావాలన్నాడు, చివరికి మధ్యలో తెగింది. 1870 ప్రాంతంలో మేయో వచ్చి, ఖర్చు తగ్గుతుందని మీటర్ గేజ్ మొదలుపెట్టాడు. అంటే ఒకే ప్రభుత్వం, ఒకే దేశంలో, ఇరవై ఏళ్ళ తేడాతో రెండు గేజ్‌లు వేసింది. పొరుగు దేశం దాకా ఎందుకు, ఈ తలనొప్పి మనం ఇంట్లోనే అనుభవించాం.

మా గుంతకల్లు అందుకు మంచి సాక్షి. మద్రాసు–బొంబాయి బ్రాడ్ గేజ్ లైను, గుంటూరు వైపు నుంచీ హుబ్లీ వైపు నుంచీ వచ్చే మీటర్ గేజ్ లైన్లు అక్కడ కలిసేవి. కలిసేవి అంటే స్టేషన్ కలిసేది, పట్టాలు కాదు. మా జేజినాయన వయసులో ఉన్నప్పుడు అక్కడ హమాలీ. ఒక పక్క చిన్న బండి, ఇంకో పక్క పెద్ద బండి నిలబెడితే, దీంట్లో బస్తాలు దాంట్లోకి మోయడమే పని. "పగలంతా మోస్తే ఇంకో బండి వచ్చి నిలబడేది" అంటాడు. సరుకు తడిసేది, చినిగేది, కొంత మాయమయ్యేది. ఆ పోయినదాని లెక్కలు గుమాస్తాలు ఎలా సర్దేవాళ్ళో కూడా ఆయనకి బాగా తెలుసు గానీ అది ఇక్కడ రాయను. 1992లో యూనిగేజ్ పథకం మొదలయ్యాక ఆ మీటర్ గేజ్ లైన్లన్నీ ఒక్కొక్కటిగా బ్రాడ్ గేజ్ అయ్యాయి. ఆ పనే లేకుండా పోయింది.

కాబట్టి గేజ్ తేడా కష్టం కాదు అని నేననను. ఆ కష్టం మా ఇంట్లో ఒకరి భుజం మీద కాయగా ఇప్పటికీ ఉంది. నేనంటున్నది వేరే. అది డబ్బు, సమయం పెడితే తీరిపోయే కష్టం. రెండు దేశాల మధ్య రైలు ఆగిపోవడానికి అసలు కారణం దాదాపు ఎప్పుడూ అది కాదు. కానీ చెప్పుకోవడానికి అంత అనువైన కారణం ఇంకోటి లేదు, ఎందుకంటే అది మి.మీ.లలో ఉంటుంది, ఎవరి తప్పూ కాదు.

అఖౌరా సంగతే చూడండి. అగర్తలకి రైలు వచ్చిందే 2008లో, మీటర్ గేజ్ మీద. 2010లో అగర్తల–అఖౌరా లైను వేయాలని రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ రోజుకి అఖౌరాలో మీటర్ గేజ్, అగర్తలలో కూడా మీటర్ గేజ్. ఒక్క మి.మీ. తేడా లేదు! ఉన్న దూరమల్లా 12.24 కిలోమీటర్లు, అందులో మన వైపు 5.46, వాళ్ళ వైపు 6.78. నా సమాధానం నిజమైతే ఈ లైను ఏడాదిన్నరలో అయిపోవాలి. 2016లో శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది అగర్తల బ్రాడ్ గేజ్‌కి మారిపోయింది. అంటే ఇన్నాళ్ళూ లేని గేజ్ తేడా, మనం ఆలస్యం చేసినందువల్ల కొత్తగా పుట్టింది. భూసేకరణ, ఆ తర్వాత కోవిడ్. చివరికి 2023 నవంబర్ 1న ఇద్దరు ప్రధానులు వీడియోలో ప్రారంభించారు. పదమూడేళ్ళలో పన్నెండు కిలోమీటర్లు, ఏడాదికి కిలోమీటరు కూడా పడలేదు.

ఇంజినీర్లు తమ పని తాము చేశారు. అవతలి వైపు డ్యూయల్ గేజ్ వేశారు. అదే నేను పరీక్షలో గీసిన బొమ్మ: ఒక పట్టా ఇద్దరికీ ఉమ్మడి, ఇంకో రెండు పట్టాలు దాని నుంచి ఒకటి 1000 దూరంలో, ఒకటి 1676 దూరంలో. మధ్యలో 676 మి.మీ. ఖాళీ ఉంటుంది కాబట్టి హాయిగా పడుతుంది. బంగ్లాదేశ్‌కి ఇది కొత్త కూడా కాదు. జమున నదికి పడమర బ్రాడ్ గేజ్, తూర్పున మీటర్ గేజ్ ఉన్న దేశం అది. 1998లో జమున మీద వంతెన కట్టినప్పుడే దాని మీద రెండు గేజ్‌ల బళ్ళూ నడిచేలా పట్టాలు వేసుకున్నారు. ప్రారంభానికి ముందు అఖౌరా లైను మీద ట్రయల్ రైలు కూడా నడిచింది. ఆ తర్వాత మా వాడు ఎక్కడానికి మాత్రం ప్రయాణికుల బండి రాలేదు. 2024 జూలైలో బంగ్లాదేశ్‌లో అల్లర్లు మొదలయ్యాక కోల్‌కతా–ఢాకా మైత్రీ, కోల్‌కతా–ఖుల్నా బంధన్, న్యూ జల్‌పాయిగురి–ఢాకా మితాలీ మూడూ ఆగిపోయాయి. ఆ మూడూ బ్రాడ్ గేజ్ మీద నడిచిన బళ్ళే. పట్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మైత్రీ గురించి ఇంకో ముచ్చట చెప్పాలి, నన్ను పూర్తిగా మార్చింది ఇదే. 1965 యుద్ధంతో ఆగిన ఆ దారిలో 2008 ఏప్రిల్ 14న మళ్ళీ బండి మొదలైంది. మొదట్లో ప్రయాణికులు సరిహద్దులో మన గేదే దగ్గర ఒకసారి, వాళ్ళ దర్శనా దగ్గర ఇంకోసారి సామాన్లతో సహా దిగి, క్యూలో నిలబడి, పాస్‌పోర్టు ముద్ర వేయించుకుని మళ్ళీ ఎక్కాలి. పిల్లలు, ముసలివాళ్ళు, బ్యాగులు, అంతా. 2017 నవంబర్‌లో ఆ తనిఖీలు తీసుకెళ్ళి కోల్‌కతా, ఢాకా స్టేషన్లలోనే పెట్టారు. ప్రయాణం ఇంచుమించు మూడు గంటలు తగ్గింది. కొత్త ఇంజిన్ లేదు, కొత్త వంతెన లేదు, పట్టా అంగుళం కదల్లేదు. అధికారుల బల్లలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చారు, అంతే. దీన్ని మన సిలబస్‌లో ఏ యూనిట్‌లో పెడతారు?

ఇప్పుడు అటారీకి వద్దాం. భారత్, పాకిస్తాన్‌లది ఒకే గేజ్, 1676. ఒకే తండ్రి ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లాగా ఒకే కొలత. సిమ్లా ఒప్పందం తర్వాత 1976లో సంఝౌతా ఎక్స్‌ప్రెస్ మొదలైంది, 2019 ఆగస్టులో ఆగిపోయింది. ఇక రాజస్థాన్ వైపు మునాబావ్–ఖోఖ్రాపార్ దారి ఇంకా విచిత్రం. ఒకప్పుడు జోధ్‌పూర్ నుంచి సింధ్‌లోని హైదరాబాద్‌కి (మన హైదరాబాద్ కాదు, అందరూ ఒకసారి ఇక్కడ తికమకపడతారు) మీటర్ గేజ్ మీద బండి వెళ్ళేది. 1965 యుద్ధంతో ఆగింది. నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ నడపాలనుకున్నారు. ఈలోగా మన వైపు బ్రాడ్ గేజ్ అయిపోయింది, వాళ్ళ వైపు మీటర్ గేజ్ అలాగే ఉంది. ఏం చేశారు? ఇసుక ఎడారిలో వాళ్ళ లైను పీకి బ్రాడ్ గేజ్ వేసుకున్నారు. 2006 ఫిబ్రవరిలో థార్ ఎక్స్‌ప్రెస్ నడిచింది. నడపాలని గట్టిగా అనుకున్నప్పుడు గేజ్ తేడా అడ్డు రాలేదు. 2019లో వద్దనుకున్నప్పుడు గేజ్ ఒకటే కావడం ఏ సాయమూ చేయలేదు.

ఇది మన ఉపఖండం గొడవ అనుకోకండి. ఫిన్లాండ్ గేజ్ 1524, రష్యాది 1520. నాలుగు మి.మీ. తేడాని రైలు చక్రం పట్టించుకోదు. 2010 నుంచి హెల్సింకీ–సెయింట్ పీటర్స్‌బర్గ్ మధ్య అల్లెగ్రో అనే వేగమైన బండి సరిహద్దులో చక్రం మార్చకుండా నడిచింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 మార్చిలో ఆపేశారు. ఇప్పుడు ఫిన్లాండ్ ఇంకో అడుగు ముందుకేసి, ఉత్తరాన స్వీడన్ వైపు స్టాండర్డ్ గేజ్ వేసుకునే ఆలోచనలో ఉంది. అంటే రష్యాతో కలిసిన గేజ్‌ని వదిలి, అటువైపు వాళ్ళతో కలుపుకోవాలని. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియాలు కూడా అదే ఉద్దేశంతో రైల్ బాల్టికా పేరుతో పోలెండ్ సరిహద్దు దాకా దాదాపు 870 కిలోమీటర్ల 1435 గేజ్ లైను వేసుకుంటున్నాయి. నాకు ఇందులో కనిపించేది ఏంటంటే, ముందు ఎవరితో ఉండాలో తేల్చుకున్నారు, గేజ్ తర్వాత వచ్చింది.

మరి గేజ్ నిజంగానే వేరైన చోట? చైనాలో 1435, కజక్‌స్తాన్‌లో 1520. ఖోర్గోస్ సరిహద్దులో రెండు బళ్ళు పక్కపక్కన నిలబడతాయి, పైన క్రేన్లు ఒక బండి మీది కంటెయినర్లు ఎత్తి ఇంకో బండి మీద పెడతాయి. మా జేజినాయన పనే, భుజం బదులు క్రేన్. యూరప్‌కి వెళ్ళే సరుకు మళ్ళీ బెలారుస్–పోలెండ్ సరిహద్దులో ఇంకోసారి గేజ్ దాటుతుంది. అంటే ఒకే కంటెయినర్ దారిలో రెండుసార్లు గేజ్ మారుతోంది, అయినా సరుకు వెళ్తూనే ఉంది.

బీజింగ్–మాస్కో బండికైతే మంగోలియా సరిహద్దులో పెట్టెల్ని జాకీలతో పైకెత్తి బోగీలు మార్చేవాళ్ళు, జనం లోపలే కూర్చుని ఉండగానే. ఇక్కడ చిన్న సవరణ: మనం తెలుగులో పెట్టె మొత్తాన్ని బోగీ అంటాం గానీ అసలు బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. వైవాలో నేను దీని మీదే దొరికిపోయాను, మీరు దొరక్కండి.

స్పెయిన్ వాళ్ళు ఆ ఎత్తడం కూడా లేకుండా చేశారు. వాళ్ళ గేజ్ 1668, పక్కన ఫ్రాన్స్‌ది 1435. టాల్గో రైళ్ళలో రెండు చక్రాలనీ కలిపే ఇరుసు ఉండదు, ఏ చక్రానికి ఆ చక్రమే. సరిహద్దులో ఒక ప్రత్యేకమైన పట్టీ మీదుగా బండి నెమ్మదిగా పోతుంది. పెట్టె బరువుని పక్కనున్న ఆధారాలు మోస్తాయి, చక్రాల తాళం వదులవుతుంది, పట్టా వాటిని లోపలికో బయటికో జరుపుతుంది, మళ్ళీ తాళం పడుతుంది. బండి ఆగక్కర్లేదు. ఇది 1969 నుంచే బార్సిలోనా–జెనీవా మధ్య నడిచింది. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన ఏడాది!

పరీక్షలో నేను రాయనిది ఇంకోటి ఉంది. తేడా ఎక్కువైతే కష్టం ఎక్కువ అనుకుంటాం కదా, డ్యూయల్ గేజ్‌లో అది తలకిందులు. 676 మి.మీ. తేడా ఉంటే మూడో పట్టా పడుతుంది. 1520కీ 1435కీ తేడా 85 మి.మీ. మనం వాడే 60 కేజీల పట్టా పాదం వెడల్పే 150 మి.మీ. పక్కన ఇంకో పట్టాకి చోటెక్కడిది? అక్కడ మూడు కాదు, నాలుగు పట్టాలు వేయాలి. కొద్దిపాటి తేడా ఉన్నవాళ్ళతోనే సర్దుకోవడం కష్టం అన్నమాట. (హాస్టల్లో ఉన్నవాళ్ళకి దీని మీద వివరణ అక్కర్లేదు.)

కాగితాల సంగతి మరీ నవ్వొస్తుంది. పశ్చిమ యూరప్ రైల్వేలకి సరుకు రవాణాకి ఒక చట్టం, రష్యా వైపు దేశాలకి ఇంకో చట్టం. సరుకు పాడైతే బాధ్యత ఎవరిది, పత్రంలో ఏ గడి నింపాలి, అన్నీ వేరు. సరిహద్దులో బోగీలు మార్చినట్టే కాగితాలు కూడా మార్చి రాసేవాళ్ళు. 2006లో రెండింటికీ పనికొచ్చే ఒకే పత్రం వచ్చింది. చక్రాల విషయం 1969లో తేలితే, కాగితం విషయం తేలడానికి ఇంకో 37 ఏళ్ళు.

నా వాదనకి ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుంది, అది దాటేస్తే మోసం చేసినట్టు. 2022లో ఉక్రెయిన్ ఓడరేవులు మూతపడ్డాయి. గోధుమలు, మొక్కజొన్న బయటికి పంపాలంటే రైలే దిక్కు. పోలెండ్ కావాలంది, యూరప్ అంతా కావాలంది, మనసులో అడ్డేమీ లేదు. కానీ ఉక్రెయిన్ గేజ్ 1520, అవతల 1435. ధాన్యం కంటెయినర్లో ఉండదు, విడిగా వ్యాగన్‌లో పోసి ఉంటుంది, క్రేన్‌తో ఎత్తి పెట్టలేం. సరిహద్దులో వ్యాగన్లు బారులు తీరి నిలబడిపోయాయి. అక్కడ గేజ్ నిజంగానే గొంతు పట్టుకుంది. ఈ ఒక్కటీ చదివినప్పుడు నా మిడ్ సమాధానమే కరెక్టేమో అని రెండు రోజులు అనుమానపడ్డాను.

తర్వాత ఆలోచిస్తే తోచింది ఇది. సోవియట్ యూనియన్ 1991లో పోయింది. 2022 దాకా ముప్పై ఏళ్ళు. ఆ ముప్పై ఏళ్ళలో పడమటి సరిహద్దులో ధాన్యం దించే ఏర్పాట్లు పెద్ద ఎత్తున కట్టుకోవాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు, ఎందుకంటే ఓడలు వెళ్తున్నాయి. అవసరం ఒక్క వారంలో వచ్చింది, పట్టాలు ఒక్క వారంలో రావు. కాబట్టి నా సవరించిన సమాధానం ఇలా ఉంటుంది: గేజ్ తేడా తీర్చలేనిది కాదు, కానీ తీర్చడానికి ఏళ్ళు పడుతుంది, సఖ్యత ఉన్నప్పుడు ఆ ఏళ్ళు వాడుకోకపోతే అవసరం పడ్డ రోజున అదే కొండై కూర్చుంటుంది. ఐదు మార్కుల ప్రశ్నకి ఇది పొడుగే, నాకు తెలుసు.

ఇది సాధ్యమే అనడానికి మన పక్కనే నేపాల్ ఉంది. బిహార్‌లోని జయనగర్ నుంచి జనక్‌పూర్‌కి రెండున్నర అడుగుల చిన్న గేజ్ బండి ఉండేది. 2014లో ఆపి, మన దేశం సాయంతో బ్రాడ్ గేజ్ వేసి, 2022 ఏప్రిల్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. నేపాల్‌తో మనకి ఈమధ్యలో మాటపట్టింపులు లేవా? ఉన్నాయి, 2015లో అయితే సరిహద్దే స్తంభించిపోయింది. అయినా ఆ లైను పూర్తి చేశారు. అలాంటి మొండితనం అఖౌరా దగ్గర రెండు వైపులా కనపడలేదనేదే నా ఫిర్యాదు.

మా వాడు సంక్రాంతికి ఇంటికి వెళ్ళలేదు. సెలవులు ఆరు రోజులు, రానూపోనూ రైల్లోనే అయిపోతాయి. నాతో గుంతకల్లు వచ్చాడు. జేజినాయనకి హిందీ రాదు, వీడికి మా సీమ మాట సగమే అర్థమవుతుంది, మధ్యలో నేను. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని ఆయన అడిగాడు.

"మీ ఊర్లో యా గేజు నాయనా?"

"బ్రాడ్ గేజ్, తాతా."

"ఆ పక్కూర్లో?"

"అక్కడ రెండూ వేశారు. బ్రాడ్ గేజ్, మీటర్ గేజ్ రెండూ పోతాయి."

"మల్ల ఇంగేం, మూటలు మార్చే పని గూడా లేదే. బండి పోతాది గదా?"

అగర్తల నా వైపు చూశాడు. నువ్వే చెప్పు అన్నట్టు.